చీటీ లేని సీసా

తార్తూలో జనవరి. ఎనిమిదైనా తెల్లవారదు.
నా బండి చక్రం కీచుమంటే చాలు,
మూడో అంతస్తు పిల్లలు గబగబా చీటీలు అంటిస్తారు:
ఆమ్లం, క్షారం, క్లోరిన్ కలిసిన ద్రావకం.
పాత కక్షలున్న చుట్టాల్ని విందులో కూర్చోబెట్టినట్టు
ఒకదాని పక్కన ఒకటి పడకుండా సర్దుకుంటాను.

పసుపు డబ్బా ముప్పావు గీత దాటకూడదు.
వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు.
ఇవన్నీ మర్యాదగానే చెప్పేదాన్ని,
రైసా వేలికి గుచ్చుకునేదాకా.

నల్ల సంచిలో, నారింజ తొక్కల మధ్య, ఒక్క సూది.
ఊడ్చే మనిషి అరవలేదు.
తొడుగు తీసి, వేలు కుళాయి కింద పెట్టి
నీళ్లనే చూస్తూ నిలబడింది.
మూడు రక్తపరీక్షలు.
అలా అంటదని డాక్టరు చెప్పినా
మనవణ్ణి ముద్దు పెట్టుకోలేదు.
చివరికి ఏమీ లేదన్నారు.
ఏమీ లేదని తేలడానికి
ఆర్నెల్లు పట్టింది.

నిన్న, రిటైరైన కాల్యు గారి బీరువాలో
చీటీ లేని సీసా.
మూత చుట్టూ పచ్చటి పలుకులు.
పిక్రిక్ ఆమ్లం ఎండిపోయి ఉంటే
మూత తిప్పడమే ఎక్కువ.
ముట్టుకోలేదు. బీరువా తలుపు కూడా వేయలేదు.
అందర్నీ మెట్లు దింపి ఫోన్ చేశాను.

మధ్యాహ్నం, ఊరవతల మంచుపొలంలో
ఒక చప్పుడు. కాకులు లేచాయి. అంతే.

సాయంత్రం ఆయన్నే అడిగాను.
"రేపు రాద్దాంలే అనుకున్నానమ్మా."
ఎప్పుడండీ?
"ఎనభై ఏడులో."