చివరి నాలుగు నిమిషాలు

మా పెలోతస్ మిఠాయిల ఊరు.
ఉప్పు పట్టించిన మాంసం ఓడలకెక్కించి
తిరుగు ఓడల్లో చక్కెర తెచ్చుకున్న ఊరు.
ఆ ఉప్పు ఎవరి పగిలిన చేతుల్లో మండిందో
ఏడాదికి ఒక వారం, నవంబరులో,
మా విశ్వవిద్యాలయంలో మాట్లాడుకుంటారు.

ఆ వారమంతా నేను వెనక అద్దాల గదిలో
చల్లారిన మాతే కషాయంతో
సౌండు బల్ల ముందు కూర్చుంటాను.
ఇరవై ఆరేళ్ల కొలువు.
మాటలు నాకు పట్టవనుకుంటారు గానీ
ఎవరు ఏ మాట దగ్గర గుటక మింగుతారో
వాళ్లకన్నా ముందు నా సూదికి తెలుస్తుంది.
మా తాత రంగు నాకు రాలేదు, ముక్కు వచ్చింది.
ముక్కు సంగతి ఎవరూ అడగరు.

ఈసారి కార్యక్రమం నడిపింది జాసియారా,
న్యాయశాస్త్రం మూడో ఏడు,
ఆ తరగతిలో నల్లపిల్లలు ఇద్దరే, అందులో ఒకతె.
వచ్చీ రాగానే మైకు కర్ర దించబోయింది.
మర తిరగలేదు. తుప్పు.
పొడుగాటి మగవాడి నోటికి సరిపోయేలా
ఎప్పుడో బిగించి వదిలేశారెవరో.
ఎవరో ఏమిటి, నేనే.
పటకారు అందించాను. థాంక్స్ అంది, నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం ఆమెకు తెలియదు, నాకు తెలుసు.
నాలుగేళ్ల కిందట ఇదే హాల్లో
లూసిమారా అనే పిల్ల
హాస్టల్లో తనకు జరిగింది చెబుతోంది.
ముందు వరసలోంచి డీన్ అరచెయ్యి కిందికి ఆడించాడు,
పసివాణ్ణి జోకొట్టినట్టు.
నా వేలు జారింది.
కరెంటు పోలేదు, ఎవరూ అరవలేదు.
ఆమె పెదాలు మాత్రం ఇంకాసేపు కదిలాయి.
అద్దం ఇవతలికి బాగా కనబడ్డాయి.

ఈ రాత్రి చర్చ ఇంటిపని గురించి.
కంటికి కనబడని శ్రమ, అన్నారు. చాలాసార్లు అన్నారు.
తొమ్మిదింటికి జులైమా బకెట్టుతో తలుపు తీస్తే
ఇంకాస్త ఆగమ్మా, అన్నారెవరో, మర్యాదగానే.
ఆమె పదింపావు దాకా గుమ్మం బయట ఆగింది.

అందరూ ఫొటోలు దిగి వెళ్లిపోయాక
జులైమా గుడ్డతో మైకు తుడిచింది.
ఫట్‌మని హాలంతా ఉలిక్కిపడింది.
నా వైపు చూసింది.
నా వేలు మీట మీదే ఉంది.
దాన్ని అక్కడే ఉండనిచ్చాను.

"ఇది నా గొంతేనా?"
కర్ర సరిగ్గా ఆమె ఎత్తుకే ఉంది.
"పన్నెండేళ్లు తుడిచాను దీన్ని.
ఎంతమంది తుంపర్లో!"
తనే నవ్వుకుంది.
"ముందు వరస మూడో కుర్చీ కాలు ఊగుతోంది.
మార్చిలో చెప్పాను. ఎవరో పడతారు."
కాసేపు ఏమీ అనలేదు. బకెట్టు జరిపింది.
"మా అమ్మ వంటచేసిన ఇంట్లో
దొరసాని మిఠాయి కొలతలు పుస్తకంలో రాసుకుంది.
తీగపాకం వచ్చాక దించాలని రాసింది.
తీగ రాకముందే దించాలి.
అమ్మ దిద్దలేదు.
ఆ ఇంట్లో ఇప్పటికీ మిఠాయి గట్టిగానే వస్తుంది."

సోమవారం ఆఫీసు నుంచి చీటీ:
రికార్డింగు చివర నాలుగు నిమిషాలు
ఏదో బకెట్టు చప్పుడు, కత్తిరించి పంపండి.

ఫైలు తెరిచాను.
వేలికి దాని అలవాటు దానికుంది.
లేచి వెళ్లి ముందు వరస కుర్చీ కాలు బిగించాను.
నాలుగో కుర్చీదీ వదులే, అది ఆమె చెప్పలేదు.
తిరిగొచ్చి ఫైలు ఉన్నదున్నట్టు పంపాను.

తర్వాత కింది అంతస్తుకు దిగి
లూసిమారా చిరునామా అడిగాను.
ఆ పేరుతో ఎవరూ చదవలేదన్నారు.
అక్షరాలు మార్చి
మళ్లీ వెతకమన్నాను.
కౌంటరు దగ్గరే నిలబడి ఉన్నాను.