నిప్పుకు చెదలు

పోర్స్‌గ్రున్‌లో నవంబరు. నాలుగు కాకముందే చీకటి.
ఫియోర్డు నీళ్ళ మీద అమోనియా ఫ్యాక్టరీ దీపాలు వణుకుతుంటే
పరీక్షశాలలో గున్‌వోర్
గోరంత లోహపు బిళ్ళను పట్టుకారుతో ఎత్తి
పింగాణీ కొక్కేనికి తగిలిస్తుంది.
నికెల్, క్రోమియం, చిటికెడు అల్యూమినియం.
నంబరు నలభై ఒకటి.

కొలిమి పదకొండు వందల డిగ్రీలకు ఎక్కింది.
కాలేది ఏదైనా తేలికవ్వాలి కదా,
ఇది బరువెక్కుతోంది.
గాలిలోంచి గుక్క గుక్కగా ప్రాణవాయువు తాగి
మొదటి గంటలో ఈగ రెక్కంత,
ఆ తర్వాత రోజంతా కలిపి అందులో సగం,
ఆ తర్వాత
త్రాసు గీసే గీత నిద్రపోయినవాడి ఊపిరిలా చదునవుతుంది.

ముందు ఎవరు కాలాలో ఆ లోహానికి తెలుసు.
అల్యూమినియం లోపలి నుంచి నడిచి వస్తుంది,
కాలి, కాలినచోటే తలుపై
మిగిలినవాళ్ళ ముందు మూసుకుంటుంది.
వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందం.
అవతల వెయ్యి గంటల మంట.
ఇవతల నికెల్, ఏమీ ఎరగనట్టు.

"మంట దీన్నేం చేయలేదు" అనేవాడు ఎయిలిఫ్.
"చల్లార్చి చూడు."
కొలిమి కట్టేసి, చెవి దగ్గరగా పెట్టమన్నాడొకసారి.
టిక్.
టిక్ టిక్.
లోహం ఒక లెక్కన ముడుచుకుంటుంది, పొర మరో లెక్కన.
హెర్రింగ్ చేప పొలుసుల్లా గిన్నెలోకి రాలుతుంటే
ఇద్దరూ మాట్లాడకుండా విన్నారు.

నిప్పుకు చెదలు పట్టదని తెలుగులో అంటాం.
గున్‌వోర్‌కు తెలుగు రాదు, కనుక ఆ ధీమా లేదు.
భగభగమనే చోట కాదు,
వాయువు కాస్త చల్లబడే మలుపులో,
ఆరు వందల యాభై దగ్గర,
కార్బన్ మోనాక్సైడ్ వచ్చి
పొరలో సూదిమొనంత సందు వెతుక్కుంటుంది.
ఆ సందులోంచి బొగ్గు దిగుతుంది లోహంలోకి,
నిండి, ఉబ్బి, పొడి పొడిగా విప్పేస్తుంది.
ఒక్క పిసరు గంధకం కలిపితే ఆగుతుందట,
కానీ ముందున్న కేటలిస్టు చస్తుంది.

కోసి తెచ్చిన పైపులో ఆ రోజు
ఎయిలిఫ్ వేలు పెట్టి తీశాడు:
కాటుకలాంటి నల్లటి మసి.
జేబులోంచి అయస్కాంతం తీసి చూపించాడు.
మసి లేచి నిలబడింది, వెంట్రుకలు వెంట్రుకలుగా.
"మసి కాదమ్మా" అన్నాడు. "గోడ."

అప్పటి నుంచి ఆమె వెతికేది మండని లోహాన్ని కాదు.
పొర ఊడిన చోట మళ్ళీ కాలడానికి
లోపల ఇంకా ఎంత మిగిలి ఉందో, అది.

తెల్లవారి ఐదింటికి పుస్తకంలో రాసింది:
నలభై ఒకటి. ఊడింది. మళ్ళీ కట్టుకుంది. ఏడోసారి.
కోటు తీసుకోవడానికి బీరువా తెరిచింది.
తలుపు మీద డ్యూటీ చార్టును పట్టుకుని
ఎయిలిఫ్ అయస్కాంతం.
అంచున నల్లటి నూగు.
తుడిస్తే పోతుందేమో.
ఇన్నేళ్ళలో ఆమె తుడవలేదు.