మాకలపల్లి హాల్టు

బోర్డు మీద మాకలహళ్ళి,
మా నోళ్ళలో మాకలపల్లి.
బెంగుళూరు ఇక్కడికి గంటన్నర,
బండికి మనసుంటే.
పొద్దున ఒకటి పోతుంది, మాపున అదే తిరిగొస్తుంది.
నడుమ పొద్దంతా
ప్లాట్‌ఫారం మీద రాగికంకులు ఆరతాయి.

నేను స్టేషన్ మాస్టరును కాను,
కమిషన్ ఏజెంటును.
టోపీ లేదు, పచ్చజెండా లేదు.
తెగిన టికెట్టుకు ఇన్ని పైసలని
నెలాఖరున యలహంకలో లెక్క.

ఆషాఢంలో కాగితం వచ్చింది:
దినానికి ఇరవై టికెట్లు తెగకపోతే
బండి ఇక్కడ నిలవదు.
అప్పటికి తెగుతున్నవి ఏడు,
అందులో ఒకటి నా పెండ్లాముది.

చదివి వినిపిస్తే
మునిశామప్ప తలగుడ్డ విప్పి దులిపి
"అది యాడికన్నా పోనీ,
ఈడ నిలిస్తే చాలు" అన్నాడు.
ఆ రాత్రి ఆయన పట్టుపురుగుల షెడ్డులో
పురుగులు ఆకు కొరికే చప్పుడు
సన్నవానలా పడతా ఉంటే
వంతులు రాసుకున్నారు.
సోమవారం పైవీధి.
మంగళవారం బోరుబావి కాడోళ్ళు.
బుధవారం ద్రాక్షతోట కూలీలు, సగం దుడ్లు తోటాయనవి,
అదీ నాలుగు మాటలనిపించుకున్నాక.

అప్పట్నుంచి ఎక్కేది ఏడుగురే,
టికెట్లు ఇరవై రెండు, ఇరవై మూడు.
రిజిస్టరులో ఎక్కినోళ్ళకు గడి లేదు.
నేను అబద్ధమేమీ రాయలేదు.

గురువారం పిళ్ళమ్మది.
చెంగుముడి విప్పి నోటిస్తుంది,
నోటుకు కొత్తిమీర వాసన.
"ఒగటి" అంటుంది.
ఎక్కడికని నేనడగను.
బండి వచ్చి, నిలిచి, పోయేదాకా చూసి
మడి కాడికి పోతుంది.

కార్తీకంలో ఒక గురువారం
రాగుల డబ్బాలోంచి తీసిన టికెట్లు
కిటికీ చెక్క మీద పేర్చింది. పదిహేడు.
"ఇవన్నీ కలిపితే
ఎంత దూరం పోతాది సామీ?"

ఏ దినంది ఆ దినానికేనమ్మా అన్నాను.
ఒక్కొక్కటే ఎత్తి
చదువురాని కండ్లతో తేదీలన్నీ చూసింది.
"అయితే అన్ని దినాలూ పోయినట్టేనా?"

నాకు జవాబు తోచలేదు.
పద్దెనిమిదోది కొనింది.
కొని, ఎక్కింది.
చేతిలో సంచి కూడా లేదు.
మునిశామప్ప సైకిలు దిగి నోరు తెరిచాడు.
పైన విమానం చక్రాలు దించుకుంటూ పోతోంది,
దాన్ని ఎవరూ చూడలేదు.

మాపు బండి నలభై నిమిషాలు ఆలస్యం.
నా పని అయిపోయినా కిటికీ మూయలేదు.
చీకట్లో ఆఖరి పెట్టె నుంచి
కడ్డీ పట్టుకొని, వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగింది.
"ఎట్లుందమ్మా బెంగుళూరు?"
"చూడలా.
స్టేషను బయట మెట్ల మీదే కూకున్నా.
ఆడ కొత్తిమీర కట్ట నలభై అంట.
మనకాడ ఎనిమిదికి ఎత్తకపోతాండాడు, ఆ టెంపో ముండాకొడుకు."

మరునాడు శుక్రవారం, ఆమె వంతు కాదు.
తెల్లారకముందే కిటికీ తట్టింది.
నెత్తిన తడిగోనె కప్పిన గంప,
నీళ్ళు చెవి పక్కగా కారుతున్నాయి.
"రెండియ్యి. నాకొగటి, గంపకొగటి."

గంపకు అక్కర్లేదన్నాను.
"లెక్కకు పనికొస్తాదిలే" అంది.