శనివారం ఉగ్గు

శనివారమైనా రావాలి. వీటికి సెలవు తెలీదు.
బయట మైనస్ పంతొమ్మిది. తంపెరెలో
సరస్సు మీద మనుషులు కుక్కల్ని నడిపిస్తున్నారు.
లోపల, ఇంక్యుబేటర్ తలుపు వెనక,
ముప్ఫై ఏడు డిగ్రీల చిన్న వేసవి.

పాత ద్రవం పీల్చేసి కొత్తది పోస్తాను,
లేత గులాబీ రంగుది, గోడవారగా, చుక్క చుక్కగా,
పసిపిల్లకి ఉగ్గు పోసినట్టు.

ఏడాది కింద ఇది తౌనో గారి మోచేతి చర్మం.
మిరియపు గింజంత ముక్క.
దాన్ని వెనక్కి నడిపించాం,
ఇంకా ఏమీ కాని రోజు దాకా.
అక్కణ్ణుంచి గుండె దారి పట్టించాం.
పదకొండో రోజు పొద్దున
పళ్ళెం అడుగున ఒక మూల ఉలిక్కిపడింది.
ఆ తర్వాత ఆగలేదు.

ఇవాళ ఆయన చూడ్డానికొచ్చారు. డెబ్భై ఆరేళ్ళు.
బూట్ల మంచు గుమ్మంలో దులుపుకుని,
కళ్ళద్దాలు నుదుటికెత్తి, మైక్రోస్కోప్ మీదకి వంగి
చాలాసేపు ఏమీ అనలేదు.
మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి లెక్కపెట్టుకున్నారు.
"నాకంటే తొందర దీనికి."

తెర మీద గీత చూపించాను.
కొట్టుకోవడంలో తప్పు లేదు,
కొట్టాక సర్దుకోవడంలోనే ఆలస్యం.
తలుపు తీసినవాడు మూయడం మరిచి
గడప మీద నిలబడిపోయినట్టు.
జన్యువులో ఒక్క అక్షరం.
ఆయనలో అది మెదలకుండా ముసలిదైంది.

అడ్రినలిన్ ఒక్క చుక్క వేశాను.
పరుగెత్తాయి. తడబడ్డాయి.
ఒకదాని అడుగు ఇంకోదాని మీద పడింది.
ఆపైన
గీత బల్లపరుపు.

కడిగాను. కొత్త ద్రవం పోశాను.
ఎక్కడో ఒకటి కదిలింది, పక్కది విన్నది.

"చన్నీళ్ళు," అన్నారు. నాతో కాదు.
"అరవై మూడు, జూన్. మా అన్న ఎస్కో
రేవు బల్ల మీంచి దూకాడు.
వాడికి మించిన ఈతగాడు మా చుట్టుపక్కల లేడు.
తాగి ఉన్నాడన్నారు. పాస్టరూ అన్నాడు.
అమ్మ బతికినన్నాళ్ళూ
ఇంట్లోకి సీసా రానివ్వలేదు,
వెనిగర్ సీసా కూడా."

రాసివ్వమని అడిగారు,
ఎస్కో తాగలేదని.
ఎస్కోది ఒక్క కణం కూడా చూడలేదు నేను.
అలా రాసే అధికారం నాకు లేదు.
గీత ప్రింటు తీసి ఇచ్చాను.
ఇంకా వెచ్చగా ఉంది కాగితం.
బల్ల మీద పరిచి, గోటితో నొక్కి,
నాలుగు మడతలు పెట్టారు.
ఐదోది పడలేదు.