నాలుగు పడకలు, ఒక పొయ్యి

ఏప్రిల్ పదకొండు. కిటికీ బయట ఇంకా మోకాలెత్తు మంచు.
రాత్రంతా కౌంటీ మంచుబండి తోలి వచ్చి
బూట్లయినా విప్పకుండా ఫోను పట్టుక్కూర్చున్నాను.
ఎనిమిదింటికి బుకింగ్ తెరుస్తారు.
ఎనిమిదీ రెండుకల్లా అక్టోబరు అయిపోతుంది.

మాకు కావాల్సింది బీవర్ వంపు దగ్గరి క్యాబిన్.
కరెంటు లేదు. వాగు నీళ్లే, మరిగించుకోవాలి.
రోడ్డు నుంచి మైలున్నర నడక,
ఆఖరి పావుమైలు బురద మీద పరిచిన పలకలు.
నాలుగు పడకలు, ఇనుప పొయ్యి,
తలుపు మీద ఎలుగుబంటి గోళ్ల గీతలు.
లోపలివైపు.
అదెలాగని అడిగితే
పార్కువాళ్లు వాతావరణం గురించి మాట్లాడతారు.

నిన్న రాత్రి ఆర్విడ్ భోజనాల బల్ల మీద మ్యాపు పరిచాడు.
మూలలు లేవకుండా ఉప్పుసీసా, టార్చిలైటు, కళ్లజోడు డబ్బా,
నాలుగో మూలకి వాయినో మామ మోచెయ్యి.
మామకి ఎనభై రెండు.
తుంటి కీలు కొత్తది, కోపం పాతది.
"ఇనుప పెనం నేను మోస్తా" అన్నాడు.
"నిన్నెవరు మోస్తారు?" అన్నాడు మా ఆయన.
స్నానాలగది త్రాసు మీద పెనాన్ని నిజంగానే తూచాం.
ఏడు పౌన్లు.
ఆ ఊపులో మామనీ తూచాం.
పెనం బరువు కాగితం మీద రాశాను,
రెండోది రాయలేదు.

కరెంటు బిల్లు వెనక నా జాబితా:
మూత బిగిసే సీసాలో అగ్గిపుల్లలు.
లాంతరు. ఎలకలు కొరకని డబ్బాలో రై రొట్టె.
పేక. అందులో ఇస్పేటు జాకీ లేదు,
దాని బదులు లాండ్రీ రసీదు.
కట్టెలు వద్దు. పార్కువాళ్లే ఇస్తారు,
ఇంటి నుంచి తేకూడదంటారు.
మన కట్టెలో మనకి కనపడని పురుగుంటుందట,
అది అడవిని నిలువునా తినేస్తుందట.
ఇంకేమేం ఇంటి నుంచి తేకూడదో వాళ్లు రాయలేదు కనక
కింద నేనే రాసుకున్నాను:
రంపం మిల్లు మూతపడ్డ సంగతి.
మా అక్కతో పడవ తగాదా.
ఆర్విడ్ చదివి, మాట్లాడకుండా
తన చేత్తో ఒకటి కలిపాడు: డాక్టరు ఉత్తరం.

ఇంతలో మార్కెట్ ఊరి నుంచి లీనా ఫోను.
"అమ్మా, మమ్మల్నీ లెక్కలో వేసుకో."
అల్లుడు ఇనప రాయి మోసే ఓడలో ఉంటాడు అక్టోబరంతా.
'మమ్మల్ని' అంటే అదీ, ఆగస్టులో పుట్టబోయే మనిషీ.
ఆలూ లేదు చూలూ లేదన్న సామెతలో
మాకు చూలైతే ఉంది,
పేరే కుదరలేదు. సోమలింగం మటుకు కాదు.

ఎనిమిదయింది. కలిసింది లైను.
"ఎంతమంది?" అంది అవతలి అమ్మాయి.

తెల్లవారుజామున మూడింటికి, రోడ్డేదో గట్టేదో తెలియని తెలుపులో
బ్లేడు దించి ముందుకెళ్లేదాన్ని.
ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాను.
ఆరు నెలలు. ఎవరు వచ్చేసి ఉంటారు,
ఎవరు నడవగలిగి ఉంటారు,
ఎవరి పడక మీద సంచులు పెట్టుకుంటాం?

"నలుగురు" అన్నాను. "ఇంకా... ఒక పాప. లేదా బాబు."
"ఒళ్లో పిల్లలు లెక్కలోకి రారండి."
వంటగదిలోంచి మామ కేక:
"అయితే నన్నూ ఒళ్లోనే రాయించు, డబ్బు మిగుల్తుంది!"
అమ్మాయికి వినపడింది. నవ్వింది.
నవ్వుతూనే చెప్పింది, డబ్బు వాపసు ఉండదని.

నాలుగు పడకలు. అక్టోబరు తొమ్మిది, మూడు రాత్రులు.

బయట మళ్లీ మొదలైంది మంచు.
ఎవరో ఒకరు తోలాలి కదా. తాళాలు తీశాను.
వాయినో మామ పెనానికి ఉప్పేసి రుద్దుతున్నాడు,
ఇంకా పట్టని ఆరు నెలల తుప్పుని
ఇప్పుడే వదిలించేస్తున్నట్టు.