దిగే వరస

టార్టులో, ఆసుపత్రి నేలమాళిగలో
సర్వర్ల రొద మధ్య వెల్లో చెప్పాడు:
ఈ ప్రోగ్రాము పుట్టడం రూట్‌గానే పుడుతుంది,
తలుపు తెరవడానికి అంత బలం కావాలి మరి.
తెరిచాక చాలు. దిగిపోవాలి.

"ముందు గుంపుల్ని వదిలించు," అన్నాడు
చలికి పగిలిన వేలు తెర మీద ఆనించి.
"ఆ తర్వాతే పేరు మార్చు.
పేరు ముందు పోయిందా,
గుంపుల్ని వదిలే అధికారమూ దాంతోనే పోతుంది."

నేను రాసింది తలకిందులు.
మూడు వారాలుగా నా ప్రోగ్రాము
అనామకుడి వేషంలో తిరుగుతూ
మందుల గది గుంపులోనే ఉండిపోయింది.
అది దేన్నీ ముట్టలేదు, ఎవరూ అడగలేదు.
నాకే ఒళ్లు జలదరించింది.

రెండు వరసలు అటుదిటు చేశాను.
మళ్లీ రూట్‌వి కమ్మని అడిగి చూశాను.
కుదరదంది.
వెల్లో ఫ్లాస్కు మూత తిప్పి
నాకూ కాస్త కాఫీ పోశాడు.

శుక్రవారం అతని ఆఖరి రోజు.
గేటు దగ్గర కార్డు ఇచ్చేశాడు, సంతకం పెట్టాడు,
మంచులోకి నాలుగడుగులు వేసి
జేబులో చెయ్యి పెట్టి ఆగిపోయాడు:
మందుల గది తాళంచెవి.

లోపలికెళ్లి ఇద్దామంటే కార్డు లేదు.
ముప్పై ఏళ్లుగా ఎరిగిన లైనె
అద్దం వెనక తల అడ్డంగా ఊపింది.
"నువ్వే నయం," అన్నాడు నవ్వుతూ,
తాళంచెవి నా వైపు చాపాడు.

నేనా గుంపు మనిషిని కాను.
చేతులు కోటు జేబుల్లోంచి తియ్యలేదు.
పైనుంచి ఫార్మసిస్టు దిగొచ్చేదాకా
ముగ్గురం
అద్దానికి అటూ ఇటూ
కాచుకుని నిలబడ్డాం.