గంట నాలుక

జూలై మొదటివారం, చిత్తూరు.
గుజ్జు ఫ్యాక్టరీ గాలి అడక్కుండా క్లాసులోకొచ్చి
ఆఖరి బెంచీలో కూర్చుంటుంది:
తోతాపురి తీపి, కాస్త పులుపు, కాస్త కుళ్ళు.
రోడ్డుమీద కాయల ట్రాక్టర్లు
మొన్నటినుంచీ వరసలో ఉన్నాయి.
పద్నాలుగోది మా మామది.

పదిహేడుమందికి మూడు జెరాక్సు పుస్తకాలు.
మూడింటిలోనూ నూట నలభై ఒకటో పేజీ
మిషను మసి కక్కినట్టు నల్లగా పడింది.
సరిగ్గా ఆ పేజీలోనే యుద్ధం అయిపోయింది.
నూట నలభై రెండులో మంచు,
ఒక కంచరగాడిద, దాని మెడలో గంట.
మనుషులెవరూ లేరు.

"గంట దేనికి ప్రతీక?"
హేమాద్రి సార్ సుద్దముక్క పైకెత్తి అడిగారు.
"కొండ దాటే రాత్రి ఆ సిపాయి
చొక్కా చింపి గంట నాలుకకి చుడతాడే,
ఎందుకు?"

"అంతరాత్మ సార్" అంది పుష్కల.
గైడులో అదే ఉంది.
"దేవుడు" అన్నాడు గురవరాజు,
"నోట్లో గుడ్డలు కుక్కిన దేవుడు."
"సొంతూరు సార్, వెనక్కి పిలుస్తాదని భయం."
షాహీన్ ఒక్కతే
"ఆ నల్ల పేజీయే ప్రతీక, మిగిలిందంతా కథ" అంది.
మేం నవ్వాం.
సార్ నవ్వకుండా
దాన్నీ బోర్డు మీదికి ఎక్కించారు.

అప్పుడు లేచాడు చెంగల్రాయుడు.
మూడేళ్ళలో హాజరు పలకడానికి తప్ప
వాడి గొంతు మేం విన్నది లేదు.

"ప్రతీక కాదు సార్. అట్లనే కడతారు.
మా నాయన మిలిటరీలో
కంచరగాడిదలు తోలినాడు, పదారేండ్లు.
గంట మోగితే అవతలి కొండకి వినపడతాది.
చొక్కాగుడ్డ పనికిరాదు సార్,
చెమ్మకి బిగుసుకొని టక్కుటక్కుమంటాది.
ఉన్నే చుట్టాల.
రాసినాయనకి తెలుసు సార్ ఇది.
ఉన్ని మేజోడు అనే రాసినాడు.
చొక్కా అన్నది మీరు."

సార్ పేజీలు వెనక్కి తిప్పారు.
మేజోడే.
అందరం మా మా కాపీల్లోకి తలలు దూర్చాం,
మొదటిసారి చదువుతున్నట్టు.

"సరే" అన్నారు సార్ కాసేపటికి, గొంతు తగ్గించి,
"మరి నూట నలభై రెండులో గాడిద
అంత దూరం ఒంటరిగా నడుస్తుంది కదా,
గంట మోగినట్టు ఒక్క మాటైనా లేదేం?"

"విప్పేవాడు లేడు గదా సార్."

ఫ్యానుకి ఏ చప్పుడుందో అప్పుడే తెలిసింది.
"మీ నాయన ఏం చెప్తాడు యుద్ధం గురించి?"
పుష్కల అడిగింది, మెల్లగా.
"ఏం చెప్పడు. గమ్మునుంటాడు.
గంటకి ఉన్ని ఎట్ల చుట్టాలో మాత్రం
అడక్కపోయినా చెప్తాడు."
చేతులతో చూపించబోయాడు,
లేని గంట చుట్టూ వేళ్ళు రెండు చుట్లు తిరిగి
సిగ్గుపడి ఆగిపోయాయి.

నాలుగూ పదికి పలమనేరు బస్సు.
వాడు సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.
బోర్డు మీద నాలుగు జవాబులు,
తుడిచే పని ఎవరిదో ఎవరికీ గుర్తు రాలేదు.

మామ ట్రాక్టరు మరుసటిరోజు లోపలికి పోయింది.
కిలోకి ఎంతిచ్చారని అడిగితే
మామ కూడా గమ్మునే ఉన్నాడు.

నవంబరు పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది.
నేను అంతరాత్మ అని రాశాను. పదికి ఏడు.
చెంగల్రాయుడు పేజీన్నర ఉన్ని గురించి రాశాడట.
రెండు వేశారు.

తిరుపతి యూనివర్సిటీ లైబ్రరీలో
అసలు పుస్తకం ఉందంటారు,
నూట నలభై ఒకటి తెల్లగా, అక్షరాలతో.
బస్సులో రెండు గంటలు.
ఇంకా పోలేదు.